లాప్‌టాప్ చెడిన సాయంత్రాలు

నా పరిశోధనకు లినక్స్ కావాలని గైడ్ మేడం చెప్పిన రోజుల్లో మా ఆయన రాజస్థాన్‌లో ఉన్నాడు. ఎడారిలో సోలార్ ప్లాంటు కడుతున్న చోట సైట్ ఇంజనీరు పని. చలికాలంలో కాచిగూడలో రైలెక్కాడు. మేడం ఆ మాట చెప్పేసరికి ఎండలు ముదిరాయి.

మేమిద్దరం క్యాంపస్‌లోనే కలిశాం. లైబ్రరీ ముందు చెట్ల కింద కుర్చీలు వేసుకుని ఉద్యోగ పరీక్షలకు చదివే గుంపులో ఆయన ఒకడు. నోటిఫికేషన్ వస్తుందని కొన్నాళ్లు, వచ్చింది కోర్టులో ఆగిందని కొన్నాళ్లు ఆ చెట్ల కిందే గడిపాడు. పెళ్లయ్యాక ఇక ఎదురుచూడటం కుదరదని ప్రైవేటు ఉద్యోగంలో చేరాడు. వాళ్లది నల్లగొండ వైపు వ్యవసాయ కుటుంబం. మాది కడప జిల్లా. నాన్న ఉద్యోగం వల్ల హైదరాబాద్ వచ్చి రామంతాపూర్‌లో ఉండిపోయాం. పెళ్లి తర్వాత నేనూ ఆయనా తార్నాకలో, క్యాంపస్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక ఇంటి పై పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. రెండు గదులు, ఓ వంటిల్లు. ఆయన వెళ్లాక వాటిలో ఒక గదిలోకి ఊడ్వడానికి తప్ప వెళ్లడం మానేశాను.

రోజూ ఫోన్ చేసుకునేవాళ్లం. మొదట్లో చాలాసేపు మాట్లాడుకునేవాళ్లం. ఎండలు ముదిరేసరికి మా మాటలు ఇలా తయారయ్యాయి.

"తిన్నవా?"

"తిన్నా. నువ్వు?"

"తిన్న. రొట్టెలే. ఇగ ఉంటా మరి."

మా మధ్య కోపం ఏమీ లేదు. చెప్పుకోవడానికి ఏమీ లేక కాదు. ఏది చెప్పాలన్నా దాని వెనకున్నదంతా చెప్పాల్సి వచ్చేది. ల్యాబ్‌లో ఒకమ్మాయితో మాటా మాటా వచ్చిందంటే, ఆ అమ్మాయి ఎవరు, మొన్న ఏమంది, నేనెందుకు ఊరుకున్నాను, అన్నీ చెప్పాలి. ఆయనకూ అంతే. ఆయన సైట్ మనుషులెవరూ నాకు తెలియదు. ఎండలో పొద్దంతా తిరిగి వచ్చిన మనిషికి అవన్నీ ఎక్కడ చెబుతాంలే అని నేను, ఒంటరిగా ఉన్న మనిషికి నా విసుగు ఎందుకు చెప్పాలని ఆయన, ఇద్దరం మాటల్ని మింగుతూ వచ్చాం. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చేవి చెప్పాల్సినవన్నీ.

నేను కొర్రల మీద పనిచేస్తున్నాను. వాన ముఖం చాటేసినా నిలబడే కొర్ర రకాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో పోల్చి చూడటం నా పరిశోధన. అంతవరకు మొక్కలతోనే నడిచింది. పోల్చే పని వచ్చేసరికి కంప్యూటర్ కావాల్సి వచ్చింది. ఆ ప్రోగ్రాములేమో విండోస్ మీద సరిగ్గా నడవవు, దానిలాంటిదే అయిన లినక్స్ అనే సిస్టమ్ కావాలి. డిపార్ట్‌మెంట్‌లో లినక్స్ ఉన్న కంప్యూటర్లు కొన్నే. వాటి ముందు సీనియర్లు పొద్దున్నే సంచులు పెట్టి చోటు పట్టుకుంటారు.

"నీ లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే లినక్స్ కూడా వేసుకోమ్మా. రెండూ ఉంటాయి. ఆన్ చెయ్యగానే ఏది కావాలో అదే అడుగుతుంది" అన్నారు మేడం. అలమరలో ఇంకో గిన్నె సర్దుకొమ్మన్నంత తేలిగ్గా అన్నారు.

నా లాప్‌టాప్ అని మేడం అన్నది నిజానికి మా ఆయనది. నాది పాడైతే, తను వెళ్తూ వెళ్తూ తనది నా కోసం వదిలిపెట్టి వెళ్లాడు. కీబోర్డు మీద కొన్ని అక్షరాలు ఆయన వేళ్లకు అరిగిపోయి ఉండేవి. నా థీసిస్ అందులోనే ఉంది. మా ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి.

ల్యాబ్‌లో ఎవరినైనా అడిగితే వేసి ఇచ్చేవారు. నేనే వేసుకోవాలనిపించింది. సెలవురోజు మధ్యాహ్నం కూర్చుని ఇంటర్నెట్‌లో ఒక వీడియో పెట్టుకున్నాను. అందులో ఒకబ్బాయి హిందీలో హుషారుగా చెబుతున్నాడు. అతను చెప్పినట్టే పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించాను. విండోస్ ఉన్న చోటులో కొంత ఖాళీ చేశాను. లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే నీలం తెరలోకి వెళ్లి, అతను మార్చమన్న సెట్టింగు ఒకటి మార్చాను. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మొదలైంది. అడిగిన ప్రతిదానికీ ఒప్పుకుంటూ పోయాను. గీత కుడివైపుకు నెమ్మదిగా నిండుతుంటే వంటింట్లోకి వెళ్లి టీ కూడా పెట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి తెర మీద ఎర్ర గుర్తుతో ఏదో రాసి ఉంది. బూట్‌లోడర్ ఎక్కలేదట. అంటే, ఆన్ చెయ్యగానే ఏది కావాలో అడగాల్సిన భాగమే కుదరలేదు. సరే అని నొక్కి, రీస్టార్ట్ చేశాను.

నల్లటి తెర. దాని మీద తెల్లటి అక్షరాలతో ఒకే వాక్యం. మొదలుపెట్టడానికి ఏ సిస్టమూ దొరకలేదని దాని అర్థం. లినక్స్ రాకపోతే పోయింది, విండోస్ కూడా లేదు. మళ్లీ ఆపాను, మళ్లీ ఆన్ చేశాను. అదే వాక్యం. పెన్‌డ్రైవ్ తీసి చూశాను, పెట్టి చూశాను. నేల మీదే కూర్చుండిపోయాను. మూడేళ్ల పని గురించి భయపడ్డాను. దానికంటే ముందు మా ఫోటోలు గుర్తొచ్చాయి.

ఆయనకు వెంటనే ఫోన్ చెయ్యలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మెట్రో స్టేషన్ దగ్గర రిపేర్ షాపుకు వెళ్లాను. షాపాయన మూత తెరిచి, ఆన్ చేసి, ఒక్క చూపు చూశాడు.

"ఫార్మాట్ కొట్టాలె మేడం. రేపు పొద్దుగాల తీస్కపోండి."

"లోపల ఉన్నవి?"

"అవి పోతయ్ మరి. బ్యాకప్ లేదా?"

లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన జాలిగానే చూశాడు. "సోంచాయించి చెప్పండి. తొందరేం లేదు" అని మూత వేసి ఇచ్చాడు. లాప్‌టాప్‌ను చంటిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు ఆనించుకుని, ఎండలో ఇంటికి నడిచొచ్చాను.

సాయంత్రం ఆయన ఫోన్ వచ్చింది. తిన్నావా అని అడగకముందే నాకు ఏడుపొచ్చేసింది.

"ఏమైందే? ఒంట్ల మంచిగ లేదా?"

"నీ లాప్‌టాప్ పాడు చేసినా."

"అరె, గింతేనా! నేనేమో పానం ఖరాబైందనుకున్న. ఏమైందో చెప్పు."

చెప్పాను. "నాకు గూడ తెల్వది లినక్స్ సంగతి. ఎన్నడు ముట్టలే. ఇద్దరం చూద్దాం తీ. కెమెరా పెట్టు."

చక్కెర డబ్బాకు ఫోన్ ఆనించి, కెమెరా లాప్‌టాప్ వైపు తిప్పాను. ఆయన తమ రేకుల గది మీదికెక్కాడు. అక్కడైతేనే సిగ్నల్ అందుతుందట. తార్నాకలో చీకటి పడింది, వీధిదీపాలు వెలిగాయి. ఆయన వెనకాల మాత్రం ఇంకా ఎండ ఉంది. పొద్దు అక్కడ అంత ఆలస్యంగా గుంకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్ని నెలల్లో ఆ వేళప్పుడు ఎప్పుడూ వీడియో కాల్ చేసుకోలేదు మరి. గాలి ఫోన్‌కు కొట్టుకుంటూ ఒకటే శబ్దం. ఆయన ముఖం నల్లబడి, చెంపలు లోపలికి పోయాయి. గడ్డం పెంచాడు. చెప్పనేలేదు.

"ఏందా గడ్డం?"

"నీళ్లు తక్కువ గీడ. అది ఇడ్సిపెట్టు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చెయ్యి."

ఆ పూట ఎక్కువసేపు కొట్లాటే జరిగింది. ఆయన తన ఫోన్‌లోనే ఎవరెవరో రాసినవి వెతికి చదివేవాడు. సగం మాటలు గాలికి పోయేవి. ఆయన ఒక బటన్ చెబితే నేను ఇంకోటి నొక్కేదాన్ని.

"ఎఫ్ ట్వెల్వ్ అన్న. నువ్వేంది శబ్దం పెంచుతున్నవ్?"

"అదే ఒత్తినా అబ్బా! రెండూ ఒకే బటన్ మీద ఉండాయి."

"మరి కింద ఎఫ్.ఎన్. అని ఉంటది, అది గూడ కలిపి ఒత్తు."

"ముందే చెప్పొచ్చు కదా!"

కింద నుంచి ఇంటి ఆంటీ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "ఏమైందమ్మా, ఎవరి మీద అరుస్తున్నవ్?" అంది.

"మా ఆయన మీద ఆంటీ."

ఆంటీ గదంతా కలయజూసి, చక్కెర డబ్బా దగ్గర ఫోన్‌లో ఆయన ముఖం కనిపించేసరికి నవ్వింది. "అరవండి, అరవండి. చానా రోజులైంది ఈ ఇంట్ల సప్పుడు లేక" అని దిగి వెళ్లిపోయింది.

ఎలాగో పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేచింది. ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే వాడి చూసే వీలు ఒకటి ఉంటుందని ఎక్కడో చదివి ఆయనే చెప్పాడు. అది నొక్కాను. ఊదారంగు తెర వచ్చింది. ఫైళ్లు చూపించే బొమ్మ మీద నొక్కితే, పక్కన ఒక డిస్కు పేరు కనిపించింది. తెరిచాను. విండోస్ ఫోల్డర్లు, వాటి కింద నా థీసిస్, దాని కింద ఆయన పేరుతో ఉన్న ఫోల్డర్. ఏదీ ఎక్కడికీ పోలేదు. దారి మాత్రమే మూసుకుపోయింది.

"ఉండాయి!" అని అరిచాను. "అన్నీ ఉండాయి!"

"నేను చెప్పలే?"

"నువ్వేం చెప్పలే. తెల్వదన్నావు."

"తెల్వకపోయినా ఉంటయనే అనుకున్న" అన్నాడు. నవ్వు వినిపించింది. అంత గట్టిగా ఆయన నవ్వడం విని ఎన్నాళ్లయిందో.

మర్నాడు ల్యాబ్‌లో జూనియర్ దగ్గర హార్డ్‌డిస్కు అడిగి తెచ్చుకున్నాను. ముందు అన్నీ అందులోకి దించుకున్నాకే మిగతా సంగతి అని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ సాయంత్రం కాపీ మొదలుపెట్టి, ఫోన్‌ను డబ్బాకు ఆనించి, ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. గీత కదిలీ కదలనట్టు కదులుతోంది. అది నిండేదాకా చెయ్యడానికి ఏమీ లేదు. ఫోన్ పెట్టెయ్యడానికీ లేదు, మధ్యలో ఏమైనా అడిగితే చూడాలి కదా.

అలా ఊరికే కూర్చున్నప్పుడు మాటలు వచ్చాయి. వాళ్ల వంటాయన పప్పులో చింతపండు వెయ్యడట. అడిగితే, పప్పులో పులుపేమిటని నవ్వాడట. సైట్‌లో ఒకతను పెళ్లయిన వారానికే వచ్చేశాడట, రోజూ భోజనాలయ్యాక కంచె దాకా నడిచి వెళ్లి ఒక్కడే నిలబడి వస్తాడట. "నువ్వు?" అని అడిగాను.

"నేనేంది?"

"నువ్వెక్కడికి పోతావు?"

"గీ రేకుల మీదికే ఎక్కుత. సిగ్నల్ కోసమని చెప్త అందరికి. నీకు ఫోన్ చేసినంక గూడ దిగబుద్ధి కాదు. గిట్లనే కూసుంట."

ఆయన అక్కడ అలా కూర్చుంటాడని నాకు తెలియదు. ఉంటా మరి అని పెట్టేశాక నేను కూడా ఫోన్ చేతిలోనే పట్టుకుని మంచం అంచున చాలాసేపు కూర్చునేదాన్ని. అది ఆయనకు తెలియదు. ఆ మాట చెప్పాను. రెండో గదిలోకి వెళ్లడం మానేశాననీ చెప్పాను. సాయంత్రాలు వంట చేసుకోబుద్ధి కాక మెట్రో స్తంభాల కింద బండి దగ్గర ఇడ్లీ తిని వస్తున్నాననీ, రోజూ తిన్నా అని చెప్పింది అదేననీ చెప్పాను. ల్యాబ్‌లో నాతో మాటా మాటా వచ్చిన అమ్మాయి కథ మొదటి నుంచీ చెప్పాను. ఆయన మధ్య మధ్య "మరి నువ్వేమన్నవ్?" అని అడుగుతూ విన్నాడు. అంత పెద్ద కథ అనుకున్నది చెబితే పావుగంట కూడా పట్టలేదు.

కాపీ ఫోటోల దగ్గరికి వచ్చింది. "ఒకటి తెరువ్" అన్నాడు. తెరిచాను. పెళ్లికి ముందు, క్యాంపస్ రోడ్డు మీద రేలపూలు రాలి పడి ఉన్న చోట ఎవరో తీసిన ఫోటో. నేను ఎండకు కళ్లు చికిలించి ఉన్నాను. ఆయన చేతిలో లావుపాటి జనరల్ నాలెడ్జి పుస్తకం ఉంది. గాలి శబ్దం తప్ప ఏదీ వినిపించకపోయేసరికి కాల్ కట్ అయిందనుకున్నాను.

"ఉండావా?"

"ఉన్న. గట్లనే ఉంచు కొంచెం సేపు."

ఉంచాను. ఆయన వెనకాల ఎండ ఎర్రగా మారి, ముఖం చీకట్లో కలిసిపోయేదాకా ఆ ఫోటో అలాగే తెర మీద ఉంది.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో ఆ తర్వాతి సాయంత్రం బయటపడింది. అప్పటికి ఇంటర్నెట్‌లో మాలాంటి కొత్తవాళ్లు అడిగిన ప్రశ్నలూ, వాటికి తెలిసినవాళ్లు విసుగ్గా ఇచ్చిన జవాబులూ బోలెడు చదివాం. ఒక్కటీ మాకు అతికినట్టు లేదు. చివరికి ఆయన, "ఇగ చదువుడు బంద్. మొదట్నుంచి చెప్పు, ఆ దినం ఏమేం చేసినవో. చిన్నదైనా ఇడువకు" అన్నాడు.

వీడియో పెట్టుకున్న దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పెన్‌డ్రైవ్, ఖాళీ చేసిన చోటు, నీలం తెర.

"నీలం తెరల ఏం చేసినవ్?"

"ఏదో ఒకటి మార్చమన్నాడు, మార్చినా. లెగసీ అని ఉంటుంది."

"గా సంగతి నాకెన్నడు చెప్పలే నువ్వు!"

"చిన్నది కదా అనుకున్నా."

ఆయన గబగబా వెతికి చదివాడు. నేనూ చదివాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. లాప్‌టాప్ నిద్ర లేవడానికి రెండు పద్ధతులున్నాయి, పాతదొకటి, కొత్తదొకటి. మా విండోస్ కొత్త పద్ధతికి అలవాటు పడింది. నేను చూసిన వీడియో ఏనాటిదో, అందులో అబ్బాయి పాత పద్ధతికి మార్చమన్నాడు. మార్చాను. దాంతో విండోస్ లేవడం మానేసింది. ఆ పాత పద్ధతిలో లినక్స్ కూడా కుదురుకోలేకపోయింది.

"మల్ల ఎనుకటి లెక్క పెట్టు."

నీలం తెరలోకి వెళ్లి, ఆ సెట్టింగును తిరిగి ముందున్నట్టు మార్చి, సేవ్ చేసి, బయటికొచ్చాను. నల్లటి తెర. తర్వాత చుక్కలు గుండ్రంగా తిరిగాయి. విండోస్ వచ్చింది. వెనకాల ఎప్పుడూ ఉండే మా పెళ్లి ఫోటో, అవే ఫైళ్లు, ఎక్కడ పెట్టినవి అక్కడే.

ఇద్దరం అరిచాం. ఆయన రేకుల మీద నిలబడి అరిస్తే కింద ఎవరో హిందీలో ఏమైందని అడగడం వినిపించింది. ఆ సంతోషం గుండెల్లో ఇంకా దిగకముందే నాకు మరొకటి అనిపించింది. ఇక అయిపోయిందా? రేపటి నుంచి ఈ ఫోన్ ఇక్కడ ఆనించక్కర్లేదా?

"అయితె ఇగ అయిపోయినట్టేనా?" అన్నాడు. గొంతులో అరుపు లేదిప్పుడు.

"లేదు. లినక్స్ రాలేదు కదా ఇంకా" అన్నాను తొందరగా.

"అవునవును. అసలు పని గదే కద" అన్నాడు అంతకంటే తొందరగా.

మళ్లీ మొదలుపెట్టాం. మొదటిసారి సగంలో ఆగిన లినక్స్‌ను చెరిపేసి, ఆ చోటులోనే కొత్త పద్ధతిలో మళ్లీ వేశాం. విండోస్ ఉన్న భాగాన్ని పొరపాటున కూడా ముట్టకుండా ఒక్కో ప్రశ్న దగ్గరా ఆగి, గట్టిగా చదివి, ఆయన సరే అన్నాకే నొక్కాను. ఇంతకుముందు అన్నిటికీ ఒప్పుకుంటూ పోయినదాన్ని ఇప్పుడు ప్రతి వాక్యానికీ భయపడ్డాను. ఈసారి ఎర్ర గుర్తు రాలేదు. కానీ రీస్టార్ట్ చేస్తే ఏదీ అడగకుండా నేరుగా విండోస్‌లోకే వెళ్లిపోయింది. అప్పటికే ఆయనకు భోజనానికి పిలుపొచ్చింది. "ఇయ్యాల్టికి ఉండనీ. రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు అన్న మాట నాకెంత బాగుందో చెప్పలేను.

ఆ మర్నాడు క్యాంపస్‌లో ఎండలో నడుస్తుంటే లైబ్రరీ ముందు చదువుకునేవాళ్లు ఎప్పటిలాగే కనిపించారు. వాళ్లను దాటి వెళ్లేటప్పుడు తల తిప్పుకునే అలవాటు చేసుకున్నాను అప్పటికి. ఆ రోజు మాత్రం ఆగి చూశాను. ఆయన కూర్చునే చెట్టు కింద ఇంకెవరో కూర్చుని, గుర్తులు పెట్టుకుంటూ చదువుతున్నాడు. ఇన్నాళ్లూ ఆయన లేడన్న ఒక్క బరువే తెలిసింది నాకు. సాయంత్రం ఆయనకు చెప్పాల్సింది ఒకటి ఉంది అన్న తొందర దానితో కలిసిన తర్వాత, ఆయన మీద బెంగ తగ్గకపోగా ఇంకా పెరిగింది. కాకపోతే అది మోయలేని బెంగ కాదు. ఆ చెట్టును ఫోటో తీసి పంపాను. "నా కుర్సీ గుంజుకున్నడు" అని జవాబొచ్చింది.

మిగిలిన పని చిన్నదే. ముందుగా ఏది లేవాలో చెప్పే వరసలో విండోస్ పైన ఉంది, లినక్స్ కింద ఉంది. వాటి వరస మార్చాం. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి. పైన లినక్స్, కింద విండోస్. ఏది కావాలని అడుగుతున్నాయి. కొద్ది క్షణాలే ఆగుతుంది ఆ తెర. ఆయనకు కనిపించాలని ఫోన్ దగ్గరికి తెచ్చేసరికి అది లినక్స్‌లోకి వెళ్లిపోయింది. మళ్లీ రీస్టార్ట్ చేసి చూపించాను.

"మల్లొకసారి చూపియ్" అన్నాడు.

మళ్లీ చూపించాను.

నా పని నడిచింది. కొర్రల జన్యువుల వరసలు ఆ లినక్స్‌లో బారులు తీరాయి. మేడం చూసి, "ఎవరు వేసిచ్చారమ్మా?" అని అడిగితే, "మేమే వేసుకున్నాం మేడం" అన్నాను. మేమే అంటే ఎవరో ఆవిడ అడగలేదు.

పని అయిపోయిన మరుసటి సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. అప్పటికింకా ఎండగానే ఉంది అక్కడ, రేకుల మీదే ఉన్నాడు.

"ఇంకేమన్న ఖరాబైందా?" అని అడిగాడు.

"లేదు. అంతా బాగుంది."

"అయ్యో" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఆయనకు వినిపించే ఉంటుంది. "ఒక పని చెయ్యి. నీ పని నువ్వు చేస్కో. ఫోన్ గట్లనే పెట్టు. మాట్లాడకున్నా మంచిదే. నేను గూడ గీడ నా రిపోర్ట్ రాసుకుంట" అన్నాడు.

అప్పటి నుంచి అలాగే చేస్తున్నాం. నేను ప్రోగ్రాం నడిపి ఫలితం కోసం చూస్తుంటాను. ఆయన తన కాగితాలు రాసుకుంటాడు. ఎప్పుడో ఒక మాట అనుకుంటాం. "ఎవరా దగ్గేది?" అని నేనంటాను. "కింద ఆంటీ కుక్కర్ కూసినట్టుంది" అని ఆయన అంటాడు. ఆయన పక్కన ఉన్నాడని మాత్రం ఒక్క పూటైనా అనిపించలేదు. ఇంత గొంతు వినిపిస్తుంటే మనిషి లేకపోవడం ఇంకా బాగా తెలుస్తుంది. అయినా ఫోన్ పెట్టెయ్యబుద్ధి కాదు.

ఎండాకాలం చివర్లో ఆయనకు రావాల్సిన సెలవు ఆగిపోయింది. ప్లాంటు రెండో భాగం మొదలవుతోందట, ఇంకో ఏడాది ఉండమన్నారు. ఆ సంగతి ఆయన చెప్పినప్పుడు నేను ఊఁ అన్నాను. ఆ పూట ఇద్దరం పని ముట్టుకోలేదు, ఊరికే కూర్చున్నాం.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, ఇద్దరం ఎవరి పనిలో వాళ్లున్నప్పుడు, తార్నాకలో మొదటి వాన మొదలైంది. ముందు మట్టివాసన వచ్చింది, తర్వాత కింద ఆంటీ వాళ్ల రేకుల మీద టపటపమని చినుకులు.

"ఏందా సప్పుడు?" అన్నాడు ఆయన తలెత్తి.

"వాన."

ఆయన రాసుకునే అట్ట పక్కకు పెట్టాడు. "గీడ వాన ఊసే లేదు. ఒక్కసారి కిటికీ దగ్గరికి తీస్కపో."

ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. "ఇంకా బయటికి" అన్నాడు. గ్రిల్‌లోంచి చెయ్యి బయటికి చాపి, ఫోన్ తడవకుండా వేళ్లు అడ్డుపెట్టి పట్టుకున్నాను. వాన పెద్దదైంది. మోచెయ్యి దాకా తడిసిపోయింది. ఆయన ఏమంటున్నాడో నాకు వినిపించలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.